మంచాన మనిషి, ఆగని సేద్యం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే ఇంటివేమో అనిపించింది. ఇంట్లో ఒకరు మంచాన పడ్డారు. చూసుకునేది ఒక్కరే. పాలు పితకాల్సింది, నీళ్లు కట్టాల్సింది, కోత చూసుకోవాల్సింది కూడా ఆ ఒక్కరే. ఇళ్లలో రోగుల సంరక్షణ చూసే నర్సులు, ఫిజియోథెరపిస్టులు కలిసి ఈ జవాబులు రాశారు. మందుల మోతాదు అడిగిన ఉత్తరాలను మాత్రం పక్కన పెట్టాం. అది రోగిని చూసిన డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: మామయ్యకు పక్షవాతం వచ్చి మూడు నెలలైంది, కుడివైపు పడిపోయింది. మొన్న ఒళ్లు తుడుస్తుంటే నడుం కింద, పిరుదులకు కాస్త పైన బొటనవేలి గోరంత ఎర్రమచ్చ కనబడింది. గాలి పరుపు తెచ్చాం. రెండు గంటలకోసారి తిప్పమంటున్నారు. నేను పొలంలో ఉంటే ఎవరు తిప్పుతారు? పరుపు ఉంది కదా, చాలదా?
— ఒక కోడలు

జవాబు: చాలదు. గాలి పరుపు ఒత్తిడిని తగ్గిస్తుంది కానీ పూర్తిగా తీసేయదు.

ముందు ఆ మచ్చ సంగతి తేల్చుకోండి. వేలితో 3 సెకన్లు నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎర్రబడితే అక్కడ రక్తం ఇంకా తిరుగుతున్నట్టే. బరువు పడకుండా చూస్తే కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. నొక్కినా రంగు మారకపోతే, పైచర్మం చెక్కుచెదరకుండా ఉన్నా సరే, పడక పుండు మొదలైందని లెక్క. నల్లని ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు. అలాంటప్పుడు చేతి వెనకవైపు ఆనించి, చుట్టూ ఉన్న చర్మంతో పోల్చండి. ఆ చోటు మరీ వేడిగా ఉందా, గట్టిపడిందా, లేదా మెత్తగా నొక్కుకుపోతోందా అని చూడండి. ఊదా రంగుకు తిరిగిందంటే లోపలి కండ దెబ్బతిన్నట్టు. ఇక ఇంట్లో ఆగకూడదు. ఈ పుండు చాలాసార్లు లోపల ఎముక దగ్గర మొదలై పైకి వస్తుంది. అందుకే పైకి గోరంతే కనబడినా లోపల అరచేతి వెడల్పున ఉండొచ్చు.

మచ్చ ఉన్న చోట బరువు వేయొద్దు. అంటే అన్నం పెట్టే వేళ కూర్చోబెట్టడం తప్ప, మామయ్యను వెల్లకిలా ఉంచకండి. ఎడమకీ కుడికీ మారుస్తూ ఉండండి. పక్కకి తిప్పమన్నారని తుంటి ఎముక మీద నిలువుగా నిలబెట్టేస్తారు, అప్పుడు పుండు తుంటికి మారుతుంది. 30 డిగ్రీల వాలు చాలు. వీపు వెనక ఒక దిండు దోపి, నడుం కిందికి అరచెయ్యి పోనిచ్చి చూడండి. మచ్చ ఉన్న చోటి ఎముక పరుపుకి తగలకూడదు. మోకాళ్ల మధ్య రెండో దిండు, పిక్కల కింద మూడోది పెట్టండి. మడమలు పరుపుకి ఆనకుండా గాలిలో ఉండాలి. మడమల సంగతి చాలామందికి అవి నల్లబడ్డాకే గుర్తొస్తుంది. పడిపోయిన కుడివైపు పడుకోబెట్టేటప్పుడు భుజం ఒంటి కింద నలగకుండా, వీపు వైపు భుజం రెక్క కింద చెయ్యి వేసి మెల్లగా ముందుకి జరపండి. అటువైపు నొప్పి తెలియదు కాబట్టి ఆ పక్కన తక్కువసేపు ఉంచండి.

ఇక టైము. పాలు పితకడానికి లేచినప్పుడు ఒకసారి, పితికి వచ్చాక ఒకసారి, పొలానికి బయల్దేరేటప్పుడు ఒకసారి తిప్పండి. ఇంతవరకూ రోజువారీ పనిలోనే ఇమిడిపోతుంది. చిక్కంతా మీరు బయట ఉండే నాలుగైదు గంటలదే. ఆ వేళకి మనిషిని పూర్తిగా తిప్పగల బలమున్న వాళ్లు ఇంట్లో లేకపోతే, ఉన్నవాళ్లకి చిన్న సర్దుబాటు నేర్పండి. వీపు వెనక దిండుని నాలుగు వేళ్లంత బయటికి లాగడం, గంట తర్వాత మళ్లీ లోపలికి తోయడం, తొడ కింద మడత తువ్వాలు పెట్టడం, తీయడం. పెద్దావిడైనా, బడికెళ్లే పిల్లైనా చేయగలరు. ఇది తిప్పడంతో సమానం కాదు, కానీ ఒత్తిడి ఒకే చోట గంటల తరబడి నిలవకుండా ఆపుతుంది. పని సగంలో మీరొకసారి వచ్చి పూర్తిగా తిప్పి వెళ్లక తప్పదు. మంచి పరుపు ఉండి, తిప్పిన ప్రతిసారీ చర్మం శుభ్రంగా కనబడుతుంటే, కొందరికి రాత్రిపూట ఒక తిప్పుడికీ ఇంకో తిప్పుడికీ మధ్య 4 గంటల ఎడం దాకా ఇవ్వొచ్చని నర్సు చూసి చెబుతారు. మచ్చ ఉన్నంతకాలం మీ మామయ్యకి ఆ వెసులుబాటు లేదు.

చేయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రేమకొద్దీ చేసేవి ఇవే. ఎర్రబడ్డ చోట నూనె పెట్టి రుద్దొద్దు. కింద నలిగిన సన్నని రక్తనాళాలు రుద్దితే తెగుతాయి. మధ్యలో బెజ్జం ఉన్న గుండ్రటి దిండు మీద కూర్చోబెట్టొద్దు. బెజ్జం చుట్టూ అంచు రక్తాన్ని ఆపేస్తుంది. స్పిరిట్, పౌడరు వద్దు. తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తి గంటల తరబడి ఉంచితే మనిషి కిందికి జారతాడు. చర్మం పరుపుకి అంటుకుని ఉంటుంది, ఎముక మాత్రం జారుతుంది, మధ్యలో కండ చిరుగుతుంది. తల ఎత్తేముందు మోకాళ్ల కింద దిండు పెడితే ఆ జారుడు తగ్గుతుంది. మలమూత్రాలతో తడిస్తే వెంటనే కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా పూయండి.

చర్మం పగిలితే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన టీస్పూన్లు ఒకటిన్నర, కలిపి దానితో కడగండి. ఆ నీళ్లు ఏ రోజువి ఆ రోజే. నల్లటి పెచ్చు, దుర్వాసన, జ్వరం, చుట్టూ ఎరుపు పాకడం, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిండిలో మాంసకృత్తులు తగ్గితే ఎంత తిప్పినా పుండు మానదు. కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాములు కావాలి. 50 కిలోల మనిషికి 62 నుంచి 75 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు ఉంటాయి. మూత్రపిండాల జబ్బు ఉంటే ఈ లెక్క డాక్టరుని అడిగే పాటించండి.

గాలి పరుపు గురించి ఒక మాట. మెత్తగానో గట్టిగానో మనకి నచ్చినట్టు కాదు, మోటారు మీది మరను రోగి బరువుని బట్టి తిప్పాలి. సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి. మనిషి పడుకుని ఉండగా గాలి పరుపుకీ దాని కింద ఉన్న మామూలు పరుపుకీ మధ్య, నడుం కిందుగా, అరచెయ్యి పైకి చూసేలా దూర్చండి. చేతికీ ఎముకకీ మధ్య కనీసం 2.5 సెంటీమీటర్ల గాలి తెలియాలి. ఎముక చేతికి తగిలితే ఆ పరుపు ఉండీ లేనట్టే. పైన ఒక్క దుప్పటే, అదీ వదులుగా. బొంత, రబ్బరు షీటు, దాని మీద ఇంకో దుప్పటి వేస్తే పరుపుకి పెట్టిన డబ్బు దండగ. కరెంటు పోతే చాలా రకాల్లో కొద్దిసేపట్లోనే గాలి దిగిపోతుంది. పైపులను మోటారు దగ్గర తీసి మడిచి క్లిప్పు పెడితే కొంతసేపు ఆగుతుంది. కానీ దాన్నే నమ్ముకోకుండా కింద ఎప్పుడూ మందపాటి స్పాంజి పరుపు ఉంచండి.

ప్రశ్న: నాన్నను కుర్చీలోకి మార్చేది నేనే. వడ్ల బస్తాలు మోసిన ఒళ్లే నాది, అయినా నెలలో నడుం పట్టేసింది. నాన్నకేమో చచ్చుబడ్డ చేతివైపు భుజం దగ్గర గుంట పడి, ముట్టుకుంటే అరుస్తున్నారు.
— ఒక రైతు

జవాబు: రెండింటికీ కారణం ఒకటే. మీరు ఆయన్ని బస్తాని ఎత్తినట్టు ఎత్తుతున్నారు. బస్తా కదలదు, భయపడదు, మన మెడ పట్టుకుని వేలాడదు. మనిషి అవన్నీ చేస్తాడు.

ముందు భుజం సంగతి. చేతిని పైకి పట్టి ఉంచే కండరాలు చచ్చుబడినప్పుడు, చేతి బరువుకే ఎముక గూటి నుంచి కిందికి జారుతుంది. చంకల్లో చేతులు వేసి ఎత్తినా, చెయ్యి పట్టి లాగినా ఆ జారుడు పెరుగుతుంది. ఇకనుంచి ఆ చేతిని పట్టుకుని లాగడమనేది ఉండకూడదు. చొక్కా తొడిగేటప్పుడు ముందు చచ్చుబడ్డ చెయ్యి తొడగండి, తీసేటప్పుడు దాన్ని చివర తీయండి. కూర్చున్నప్పుడు మోచెయ్యి, అరచెయ్యి రెండూ ఆనేలా దిండు మీద పెట్టండి. ఆ గుంట, నొప్పి ఫిజియోథెరపిస్టుకి చూపించండి.

ఇక మార్చే పద్ధతి. కుర్చీని ఆయన మంచి వైపు, మంచానికి 30 నుంచి 45 డిగ్రీల వాలులో, దాదాపు తగిలేలా పెట్టండి. చక్రాల కుర్చీ అయితే బ్రేకులు వేసి, కాళ్లు పెట్టే పలకలు పక్కకి మడవండి. ఆయన మంచం అంచున లేచి కూర్చున్నాక 2 నిమిషాలు ఆగండి. చాలాకాలం పడుకున్నవాళ్లకి లేవగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. పిరుదులు అంచుకి జరపండి. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆని, మడమలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి ఉండాలి. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టండి. మీరు పట్టుకోవాల్సింది అదే. మీ మోకాళ్లతో ఆయన బలహీనమైన మోకాలికి అడ్డు పెట్టండి. ఇప్పుడు ఆయన్ని ముందుకి వంగమనండి, ముక్కు కాలివేళ్లకు సూటిగా వచ్చేదాకా. ఈ ఒక్కటి వదిలేస్తే బరువంతా మీ నడుం మీదికే వస్తుంది. ఒంగితే పిరుదులు వాటంతట అవే తేలతాయి. “ఒకటి, రెండు, మూడు” అని చెప్పి లేపి, పాదాలు చిన్న చిన్నగా మార్చుకుంటూ ఇద్దరూ కలిసి తిరగండి. మీ నడుం మెలితిప్పొద్దు. కుర్చీ అంచు ఆయన పిక్కలకి తగిలాకే కూర్చోబెట్టండి.

మంచంలో పైకి జరపడానికైతే ఎత్తనే వద్దు. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా దుప్పటి మడిచి కింద పరవండి. ఇద్దరు చెరోవైపు నిలబడి, అంచుల్ని ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని ఒక్కసారి జరపండి. మంచం ఎత్తు మీ నడుం దాకా ఉంటే మీకు హాయి, కానీ దిగేటప్పుడు ఆయన పాదాలు నేలకి అందవు. రెండూ కుదరవు. నిలబడగలిగిన రోగికి తక్కువ ఎత్తు, అసలు లేవలేని రోగికి ఎక్కువ ఎత్తు ఎంచుకోండి.

కింద పడిపోతే గబుక్కున లేపకండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనబడితే తుంటి విరిగినట్టే అనుకుని, కదపకుండా అంబులెన్సుకి ఫోను చేయండి.

ప్రశ్న: అత్తయ్యకు నీళ్లు తాగితే పొలమారుతుంది, ముద్ద అయితే దిగుతోంది. అలాంటప్పుడు నీళ్లు తగ్గించవచ్చా?

జవాబు: తగ్గిస్తే మూత్రం మంట, మలబద్ధకం, మత్తు వస్తాయి. నీళ్లు ముద్ద కంటే వేగంగా జారతాయి. గొంతు మూసుకునేలోపే ఊపిరితిత్తుల దారి పట్టడం వల్ల పొలమారుతుంది. మింగుడు పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్టు నీళ్లని ఎంత చిక్కగా చేసి తాగించాలో చెబుతారు. ఆ పరీక్ష అయ్యేదాకా ఇలా చేయండి. మంచం మీద కాకుండా కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. గడ్డం కొంచెం ఛాతీ వైపు వంచమనండి. తల వెనక్కి వాల్చి పోయడం అన్నిటికంటే ప్రమాదం. నిలబడి తినిపిస్తే ఆవిడ తల పైకెత్తుతుంది, కాబట్టి మీరూ ఎదురుగా కూర్చోండి. ఒకసారికి టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు. గొంతు దగ్గర గుటక కదలడం కంటితో చూశాకే రెండోది. మంచి వైపు బుగ్గలో పెట్టండి, చచ్చుబడ్డ బుగ్గలో ఏమైనా మిగిలిందేమో చివర చూడండి. అయ్యాక 30 నిమిషాలు కూర్చోబెట్టే ఉంచండి.

దగ్గు రాలేదని నిశ్చింతగా ఉండకండి. కొందరికి దగ్గే రాకుండా లోపలికి పోతుంది. తిన్నాక గొంతు గురగురలాడటం, కళ్లలో నీళ్లు, సాయంత్రాలు జ్వరం కనబడితే అదే గుర్తు. రోజుకి రెండుసార్లు పళ్లు, నాలుక మెత్తటి బ్రష్షుతో తోమండి. నోట్లో సూక్ష్మక్రిములు తక్కువుంటే, పొరపాటున లోపలికి పోయినా న్యుమోనియా అయ్యే అవకాశం తగ్గుతుంది. కట్టుడు పళ్లు రాత్రి తీసేయండి.

ప్రశ్న: నాలుగు రోజులు విరేచనం కాలేదు. ఇప్పుడు పల్చగా కొంచెం కొంచెంగా కారుతూనే ఉంది. విరేచనాలు ఆగే మాత్ర వేయనా?

జవాబు: వద్దు. ఇది విరేచనాలు కాకపోవచ్చు. లోపల గట్టిపడిన మలం అడ్డుపడితే, దాని వెనకున్న పల్చటిది పక్కలనుంచి కారుతుంది. ఆపే మాత్ర వేస్తే అడ్డు ఇంకా బిగుస్తుంది. పొట్ట ఉబ్బి ఉందా, వాంతులున్నాయా చూసి, ఆ రోజే నర్సుకో డాక్టరుకో చూపించండి. నొప్పికి మార్ఫిన్ జాతి మందు వాడుతున్నవాళ్లకి ఇది దాదాపు తప్పదు. అందుకే ఆ మందు మొదలుపెట్టిన రోజే మలబద్ధకానికీ మందు రాయించుకోవాలి.

ప్రశ్న: అమ్మకి మూత్రం పైపు వేశారు. పక్కలనుంచి కారుతోంది, సంచి మాత్రం నిండటం లేదు. పైపు చిన్నదా?
— ఒక కూతురు

జవాబు: పైపు చిన్నదై ఉండటం చాలా అరుదు. ముందు పైపు పొడుగునా చేత్తో తడుముతూ పోండి. తొడ కింద నలిగిందా, మెలిక పడిందా, పైపు కిందికి వేలాడి అక్కడ మూత్రం నిలిచిందా చూడండి. సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, కానీ నేలకి తగలకూడదు. మంచం పట్టీకి కొక్కెంతో తగిలించండి. కుర్చీలోకి మార్చేటప్పుడు సంచిని ఒళ్లో పెడతారు, అప్పుడు పాత మూత్రం వెనక్కి పోతుంది. మెలికేమీ లేకపోతే మలబద్ధకం చూడండి. నిండిన పేగు ఒంటి లోపలి మూత్రాశయాన్ని నొక్కి ఇలాగే కారేలా చేస్తుంది. రెండూ కాకపోతే పైపు లోపల తెల్లటి గసి పేరుకుని మూసుకుపోయి ఉండొచ్చు. అది మార్చాల్సిందే. 4 గంటలు ఒక్క చుక్క కూడా సంచిలోకి రాక, పొత్తికడుపు గట్టిగా ఉబ్బితే రాత్రయినా ఆగకండి.

పైపుని తొడకి టేపుతో కాస్త వదులుగా అంటించండి. లాగుడు పడితే మూత్రనాళం కోసుకుపోతుంది. రోజుకోసారి మామూలు సబ్బు, నీళ్లతో, ఒంటి దగ్గరనుంచి బయటి వైపుకి కడగండి. సంచి మూడింట రెండొంతులు నిండగానే కింది కుళాయి తెరిచి ఖాళీ చేయండి. పైపునీ సంచినీ ఊరికే విడదీయొద్దు. సిలికాన్ పైపులు 12 వారాల దాకా ఉంచుతారు, రబ్బరువి అంతకంటే చాలా ముందే మార్చాలి. ఏది వేశారో, ఏ తేదీన వేశారో చీటీ రాసి మంచానికి అంటించండి. పశువుల పని చూసి వచ్చినవాళ్లు చేతులు 40 నుంచి 60 సెకన్లు సబ్బుతో కడిగాకే పైపు ముట్టుకోవాలి. గోళ్ల కింద మట్టి మిగిలితే కడగనట్టే.

ప్రశ్న: నాన్నకి 74 ఏళ్లు, మతిమరుపు జబ్బు. రోజూ తెల్లవారుజామున 4 గంటలకి లేచి “నీళ్లు పెట్టాలి, పొలం ఎండిపోతోంది” అని తలుపు బాదుతారు. పొలం అమ్మేసి ఆరేళ్లయింది. ఆ మాట చెబితే రోజూ కొత్తగా ఏడుస్తారు. నిద్రమాత్ర ఇవ్వొచ్చా?
— ఒక కొడుకు

జవాబు: ఇక ఆ మాట చెప్పకండి. మీరు చెప్పేది ఆయనకి గుర్తుండదు, బాధ మాత్రం గంటల తరబడి ఉండిపోతుంది. “నీళ్లు పెట్టేశా నాన్నా, రెండు మళ్లు తడిశాయి” అంటే అది అబద్ధమని కొందరికి మనసొప్పదు. మా సలహా మాత్రం అదే. ఆయన అడుగుతున్నది పొలం గురించి కాదు, పని మిగిలిపోయిందన్న ఆరాటం గురించి.

ఈ జబ్బులో నిన్నటి సంగతులు, పేర్లు ముందు పోతాయి. చేతులకి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుంది. యాభై ఏళ్లు 4 గంటలకి లేచిన ఒళ్లు ఇప్పుడు లేవొద్దంటే వినదు. కాబట్టి ఆ వేళకి పని సిద్ధం చేయండి. గింజలు ఏరడం, తాడు చుట్టడం, కాయలు ఒలవడం, సంచులు మడవడం. సరిగ్గా చేశారా లేదా చూడకండి, మళ్లీ కలిపేసి రేపు ఇవ్వండి. కొడవలి, కత్తి లాంటివి మాత్రం ఇవ్వొద్దు. వెలుతురు వచ్చాక అరగంట వెంట నడిపించండి. పగటి నిద్ర 30 నిమిషాలకి మించనివ్వకండి. నిద్రమాత్రలు ఈ జబ్బులో మత్తునీ, తడబాటునీ పెంచి తుంటి విరగ్గొడతాయి. డాక్టరు రాస్తే తప్ప వద్దు. జలుబుకి కొనే మాత్రలు కొన్ని కూడా అయోమయాన్ని పెంచుతాయి.

రైతు ఇంట్లో ఈ జబ్బుకి ఉన్న ప్రమాదం వేరు. పురుగుమందు తాళం వేసిన పెట్టెలో, అసలు డబ్బాలోనే ఉండాలి. తాగే నీళ్ల సీసాలోకి ఎప్పుడూ ఒంపొద్దు. ఆయన దాన్ని పానీయం అనుకుంటారు. ట్రాక్టరు తాళం చెవి దాస్తే చాలదు, చెవి లేకుండా స్టార్టు చేయడం ఆయనకి తెలిసే ఉంటుంది. రాత్రికి బ్యాటరీ తీగ విప్పండి. నూతికి ఇనుప మూత, మోటారు స్విచ్చుకి తాళం వేసే పెట్టె ఉండాలి. తలుపు గడియ ఆయన కళ్లకి ఆనని చోట, మరీ పైనో మరీ కిందో బిగించండి. కానీ లోపల ఒక్కడినే పెట్టి బయట తాళం వేసి పొలానికి పోవద్దు. నిప్పంటుకుంటే దారుండదు. చొక్కా లోపల ఫోను నంబరు కుట్టండి, నెలకోసారి కొత్త ఫొటో తీసి ఉంచుకోండి. కనబడకపోతే “వస్తారులే” అని కూర్చోకుండా ముందు నూతులు, చెరువు, కాలువ చూడండి, తర్వాత పాత పొలం దారి.

ఇంకొకటి. నిన్నటిదాకా ఒక తీరుగా ఉన్న మనిషి రెండు రోజుల్లో హఠాత్తుగా మారిపోతే, ఎవరినీ గుర్తుపట్టకపోతే, లేనివి కనబడుతున్నాయంటే, అది జబ్బు ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలెట్టిన మందు, తరచూ ఇలాంటిదే ఏదో ఒకటి ఉంటుంది. వైద్యం చేస్తే తగ్గుతుంది. ఆ రోజే చూపించండి.

ప్రశ్న: పొలంలో పురుగుమందు కొట్టి వచ్చిన బట్టలతోనే అమ్మకి అన్నం పెడుతుంటాను. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. చాలా పురుగుమందులు చర్మం గుండా ఒంట్లోకి పోతాయి. రోజంతా పడుకుని, చర్మం పల్చబడ్డ మనిషికి అవి ఇంకా చెడ్డవి. బయటే బట్టలు మార్చి, సబ్బుతో తలస్నానం చేసి లోపలికి రండి. ఆ బట్టలు రోగి దుప్పట్లతో కలపకుండా విడిగా ఉతకండి. మందు కొట్టే రోజు గాలి ఇంటివైపు వీస్తుంటే కిటికీలు మూయించండి.

ప్రశ్న: అమ్మను చూసుకునేది నేనే, పొలం నేనే. అన్నయ్య దూరాన ఉంటాడు, డబ్బు పంపుతాడు. రాత్రి నాలుగుసార్లు లేస్తాను. ఈమధ్య అమ్మ మీద అరుస్తున్నాను, తర్వాత ఏడుస్తున్నాను. ఒక్కోసారి ఇదంతా అయిపోతే బాగుండు అనిపిస్తోంది. కోతలు వస్తున్నాయి.
— ఒక చెల్లెలు

జవాబు: “అయిపోతే బాగుండు” అనే ఆలోచన చాలాకాలం సేవ చేసేవాళ్లలో చాలామందికి వస్తుంది. అది అలిసిపోయిన ఒంటి మాట, మీ గుణం కాదు. కానీ మీకు మీరు గానీ, అమ్మకి గానీ హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. కోపం చెయ్యి చేసుకునేదాకా వస్తే అమ్మను పక్కకి తిప్పి, మంచానికి పక్క కమ్మీ ఉంటే పైకెత్తి, 5 నిమిషాలు బయటికి రండి. ఆ 5 నిమిషాల్లో ఆమెకేమీ కాదు.

సేవ చేసేవాళ్ల భారాన్ని కొలవడానికి జారిట్ ప్రశ్నావళి అని ఒకటుంది. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 88. 40 దాటితే భారం ఎక్కువని, 60 దాటితే చాలా తీవ్రమని లెక్క. అమ్మను చూసే డాక్టరుని ఈసారి మీకోసం అది అడగండి. “అలిసిపోయాను” అంటే ఎవరూ రాసుకోరు, అంకె చెబితే రాసుకుంటారు.

నిద్ర సంగతి చూద్దాం. నాలుగుసార్లు ఎందుకు లేస్తున్నారో వారం రోజులు రాయండి. మూత్రానికైతే, నీరు పోయే మాత్ర సాయంత్రం వేస్తున్నారేమో చూడండి. అది పొద్దున్నకి మార్చవచ్చా అని డాక్టరుని అడగండి. రాత్రికి ఎక్కువ పీల్చే డైపరు వాడండి. మందులకైతే, రాత్రి 2 గంటల మోతాదుని 10కో 6కో కలపగలరేమో అడగండి. కొన్ని మందులకి కుదురుతుంది. తిప్పడానికైతే, ఒక రాత్రిని రెండుగా చీల్చడానికి మనిషి కావాలి, 10 నుంచి 2 ఒకరు, 2 నుంచి 6 ఒకరు. వారానికి మూడు రాత్రులైనా సరే. మీకు కావాల్సింది తెగకుండా నాలుగైదు గంటలు. ముక్కలుగా ఏడు గంటలు పడుకున్నా దానికి సాటిరాదు. నిద్ర లేని మనిషి గడ్డి కోసే యంత్రం ముందో, ట్రాక్టరు మీదో కూర్చుంటే చెయ్యో కాలో పోతుంది. రాత్రి సరిగ్గా పడుకోని మర్నాడు ఆ పనులు మాత్రం ఇంకొకరికి వదలండి.

అన్నయ్యని “సాయం చేయొచ్చు కదా” అని అడిగితే డబ్బే పంపుతాడు, ఎందుకంటే ఆయనకి తెలిసిన సాయం అదొక్కటే. పేరు పెట్టి అడగండి. మందులు అయిపోకముందే కొని పంపడం, డాక్టరు అపాయింట్‌మెంటు, ఆసుపత్రి కాగితాలు, ఇవి దూరాన ఉండి చేయగలిగినవి. కోతల 10 రోజులు మాత్రం ఆయన వచ్చి ఉండాలి. నెల ముందే తేదీలు చెప్పండి.

ఆయన వస్తే ఒక నోటుపుస్తకం ఇవ్వండి. మొదటి పేజీలో మందులు: పేరు, టైము, తిన్నాకా తినకముందా. రెండో పేజీలో అమ్మ రోజు: ఎన్నింటికి లేస్తుంది, ఏ పక్కన పడుకుంటే నిద్ర పడుతుంది, ఏం పెడితే పొలమారుతుంది, నొప్పి వస్తే మొహం ఎలా పెడుతుంది. మూడో పేజీలో తిప్పిన టైము, పక్క, చర్మం ఎలా ఉంది, మూత్రం, విరేచనం, రోజుకో గీత. అట్ట లోపల డాక్టరు, అంబులెన్సు, పక్కింటి నంబర్లు. వచ్చిన మొదటి రోజు మీరు చేయండి, ఆయన చూస్తారు. రెండో రోజు ఆయన చేయాలి, మీరు చూస్తూ నోరు మెదపకూడదు. దిండు వంకరగా పెట్టినా, ముద్ద చిన్నదైనా ఊరుకోండి. మడమ పరుపుకి తగిలితే, తల వెనక్కి వాల్చి నీళ్లు పోస్తే మాత్రం అక్కడే ఆపండి. మూడో రోజు కొడవలి పట్టుకుని పొలానికి పోండి, ఫోను మోగేలా పెట్టుకుని.